ఎండ ఉన్నంతసేపే

ఏడూ తొమ్మిదికి
ఫలక్‌నుమా వెనకనుంచి లేస్తుందని
నోటుబుక్కులో రాసుకున్నాను.
గౌలిపురా మేడ మీద డిసెంబర్.
సింటెక్స్ ట్యాంకుకి వీపు ఆనించి నేను,
చేతిలో యాంటెన్నా:
బేగంబజార్‌లో కొన్న ఇనుప టేపు ముక్కలు,
కుళాయి పనిలో మిగిలిన పైపు,
సైకిల్ ట్యూబుతో కట్లు.
టేపు మీద అంగుళాలు ఇంకా చెరగలేదు.

అది నాకంటే పెద్దది, వయసులో.
బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.
పలకల మీద ఎండ పడితే లేస్తుంది,
భూమి నీడలోకి పోగానే మాట పడిపోతుంది.
మళ్ళీ ఎండ,
మళ్ళీ ఏమీ గుర్తులేకుండా లేవడం.
చేసినవాళ్ళు దాన్ని ఎప్పుడో లెక్కలోంచి కొట్టేశారు.

పిట్టగోడ అవతల మక్బూల్ చాచా
పావురాల గూటి మీద బల్బు ఆర్పలేదు.
ముప్ఫై ఒకటి దిగాయి.
నల్లమచ్చల ఆడది రాలేదు.
"నీది వచ్చిందా బేటీ?"
"నీది?"

వచ్చింది.
ముందు పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు,
దాని లోపల సన్నగా ఒక మనిషి.
ఉండాల్సిన చోటికి మూడు కిలోహెర్ట్జ్ పైన,
ఎదురొచ్చే రైలు కూతలా.
ఎడమచేత్తో మీట తిప్పుతూ
కుడిచేత్తో ఆకాశం వెంట పోతూ
జారిపోయే గొంతుని గీత గీతా కిందికి వెతుక్కుంటున్నాను.
నడినెత్తి దాటేసరికి మెడ పట్టేసింది.

ఎవరో సముద్రం దగ్గరివాడు.
వెనకాల అలలో, ఫ్యానో.
పేరుని అక్షరాలుగా విడదీసి చెప్తున్నాడు.
నేనూ చెప్పాను. హైదరాబాద్ అన్నాను.
నా మాట పైకెళ్ళి
రెప్పపాటు ఆలస్యంగా నా చెవిలోనే దిగింది.
అది నా గొంతులా లేదు.
పోయిన మా మేనత్త గొంతులా ఉంది.
ఒక్క క్షణం మీట తిప్పడం మర్చిపోయాను.

మళ్ళీ దొరకబుచ్చుకునేసరికి అడుగుతున్నాడు:
"మీ దగ్గర వాతావ..."

అంతే.
పెనం కూడా చల్లారింది.
మలక్‌పేట వైపు ఇనుప టేపులు చాచి
అలాగే నిలబడ్డాను కాసేపు.
అక్కడ, కంటికి కనపడని ఎత్తులో,
దానికి ఇప్పుడే పొద్దుగూకింది.

"వాపస్ ఆతా క్యా?" అన్నాడు చాచా.
వస్తుంది, గంటా నలభై నిమిషాలకి,
అది తన దారి తప్పదు.
మనమే ఉండం దాని కింద.
భూమి మనల్ని తూర్పుకి జరిపేస్తుంది.

చాచా గుప్పెడు జొన్నలు చేతిలోనే ఉంచుకుని
ఆలోచించాడు.
బల్బు మాత్రం ఆర్పలేదు.

ఏడూ పద్ధెనిమిది, నీడ, అని రాసుకున్నాను.
వేళ్ళు వంగడంలేదు.
"చలిగా ఉంది" అన్నాను,
ఎవరో ఒకరికి చెప్పాలి కదా అని,
చాచాతో.