పదణాల పట్టు

కల్యాణి డ్యామ్ కింద ఫైరింగ్ రేంజి.
మొబ్బులోనే నిలబెట్టారు మమ్మల్ని,
కొండ మీంచి చలి ఇంకా దిగుతా ఉంది.

మొదటి గుండుకే పిస్టలు ఆకాశం చూసింది.
రెండోది అట్టమనిషి కింద, ఎడంపక్క మట్టిలో.
మూడోది ఎటు పోయిందో
శేషాచలాన్నే అడగాల.

దొరసామి సారు అరవలేదు.
"మే చెంగమ్మా, అది పాము కాదు, గొంతు పిసకొద్దు."
నా కుడిచేతిని పైకి జరిపాడు,
బొటనవేలికీ చూపుడువేలికీ నడిమి సందు
పిడి మెడకు అతుక్కునేదాకా.
"ఇప్పుడు చూడు, ఎడంపక్క పిడి మీద
అరచేతి మడమంత చోటు ఖాళీగా ఉందా?
అది రెండో చేతిది.
రూపాయి పట్టులో పదణాలు దానివి.
ఆరణాలే కుడిదానివి, దానికి వేరే పనుంది,
ఒక్క వేలు మెత్తగా కదలాల."

పదణాలు!
అణా బిళ్ళ నేనెప్పుడూ చూళ్ళేదు.
ఎడంచేతికి ఇంత పెత్తనం ఇచ్చినోళ్ళనూ చూళ్ళేదు.
పాలకేంద్రంలో చిల్లర ఇచ్చినా
గంగజాతరలో అంబలి పట్టినా
ఆ చెయ్యి చాపితే అమ్మ మొట్టికాయ.
ఎనుము కింద కూర్చున్నప్పుడే
రెండు చేతులూ సమానం:
గట్టిగా లాగితే చేపదు,
భయంగా పడితే తంతుంది.

మళ్ళీ నిలబడ్డాను.
బొటనవేళ్ళు ఒకదాని కిందొకటి, గురి వైపే చూస్తా.
మోచేతులు బిగించలేదు.
ఒకటి. రెండు.
నల్లచుక్క అంచు చిరిగింది.
మూడోసారి నొక్కితే
టిక్కుమంది. అంతే.
గుండు లేదు, పొగ లేదు,
పిస్టలు మాత్రం ముందుకు ఒంగి గుంజుకుంది.

వెనక సారు దగ్గు.
గుండ్ల మధ్య డమ్మీ కలిపింది ఆయనే.
"ఇప్పుడు తన్నింది ఎవురు మే?"

ఎవురూ తన్నలేదు.
తంతుందని నేనే ముందు ఉలిక్కిపడ్డాను,
నాయన చెప్పుల చప్పుడుకే
నేనూ తమ్ముడూ పలకలు దాచినట్టు.

తర్వాత అది తన్నింది, తన్నకేం.
లేచింది, లేచిన దారినే దిగింది,
పొదుగును పొడిచిన దూడ
మళ్ళీ ఆ చన్నుకే వచ్చినట్టు.
నేను ఆపలేదు.
అది దిగే చోట చేతులు ఉంచాను.
మూడు గుండ్లు పిడికిలంత జాగాలో,
నాలుగోది పాపం చెవి మీద.

ఎండెక్కినాక, ఇసకలో కాలుతున్న తొడుగులు ఏరి
సారు చేతిలో పోశాను.
ఎడంచేత్తో ఇచ్చానని
ఇచ్చినాక గుర్తొచ్చింది.
ఆయన చూడలేదు.
పెదాలు కదుపుతా లెక్కపెడుతున్నాడు:
తొమ్మిది. డమ్మీ ఒకటి.