రూపాయి బిళ్ళ

ముందు ఇంజను, వెనక ప్రొపెల్లరు.
అలాంటి చిన్న విమానం అది.
ఇంజన్లో ఏది ఊడినా
నేల మీద పడదు, వెనక్కే పోతుంది.
ఈ సంగతి మొదటి రోజే చెప్పారు.
నేను నోట్సులో రాసుకున్నాను కూడా.

మంగళవారం. పదకొండున్నర.
మల్కాపురం వైపు నుంచి గాలి,
గాలిలో ఉప్పు, రిఫైనరీ వాసన.
డాల్ఫిన్ నోస్ దాటి తిరిగొస్తుంటే
టప్‌మని ఒక్క చప్పుడు విన్నాడట పైలట్.
తర్వాత సీటు కింద సన్నటి వణుకు,
చలిజ్వరం పట్టబోయే ముందు ఒంట్లో ఉండే లాంటిది.

హ్యాంగర్లో చేత్తో తిప్పి చూశాం.
మూడు ఫైబర్ బ్లేడుల్లో రెండోదానికి
కొసకి జానెడు ఇవతల
చింతపిక్కంత దెబ్బ.
సైలెన్సర్ పట్టీకి ఒక నట్టు లేదు.
బోల్టు చివరి కన్నం ఖాళీగా,
కుట్టించుకుని పుడక పెట్టుకోని ముక్కులా.

కొయ్యాన లోకనాథం గారు
జేబులోంచి రూపాయి బిళ్ళ తీశారు.
బ్లేడు మొదట్నించి అంగుళం అంగుళం
కొట్టుకుంటూ వెళ్ళారు.
పూర్ణా మార్కెట్లో కుండ కొనే ముందు
మా అమ్మ వేలు మడిచి కొట్టేది, అలాగే.
టిక్. టిక్. టిక్.
దెబ్బ దగ్గరికొచ్చాక
డుబ్.

"పైకి పిక్కంతే. లోపల అరసెయ్యంత ఇడిపోనాది."

అల్యూమినియందైతే తట్టుకునేదా సార్, అన్నాను.
"తట్టుకుంటాది. ఏటీ అవనట్టే తిరుగుతాది.
ఆ గాటులోంచి పగులు
రోజుకి ఎంట్రుకంత నడుస్తాది.
ఓనాడు సముద్రం మీద ఉండగా..."
అక్కడ ఆపి, బిళ్ళని చొక్కాకి తుడిచారు.

ఆ పట్టీ నిన్న బిగించింది నేను.
లాకు తీగ కత్తిరించాను.
కన్నంలో దూర్చబోతుంటే భోజనాల బెల్లు మోగింది.
తీగ ముక్క ఇంకా నా పై జేబులోనే ఉంది.
పొద్దుట్నించీ గుచ్చుకుంటోంది,
దారపు కొస అనుకున్నాను.

తీసి ఆయన చేతిలో పెట్టాను.
చాలాసేపు మాట్లాడలేదు.
రిజిస్టరు నా వైపు జరిపారు.
బిగించినవారు అన్న గడిలో నా పేరు ఉంది,
నా చేతిరాతే, గుండ్రంగా, నిర్భయంగా.

"మిగతా రెండూ నువ్వు కొట్టు."

కొట్టాను.
ప్రతిచోటా టిక్ అనే అంది.
నమ్మకం చాలక మళ్ళీ మొదట్నించి కొట్టాను.
బయట చీకటి పడింది,
యారాడ లైట్‌హౌసు తిరగడం మొదలైంది.

బిళ్ళ ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.
సింధియా దగ్గర షేర్ ఆటో దిగుతుంటే
రూపాయి చిల్లర ఉందా అన్నాడు డ్రైవరు.
పిడికిట్లోనే ఉంది.
లేదన్నాను.