ఇరవై కేబీ సంతకం

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు మూల
మెట్ల కింద ఆరడుగుల కొట్టు నాది.
ఒక జిరాక్సు, ఒక ప్రింటరు,
పెళ్లింట్లో తప్పిపోయిన ముసలాయనలా
అడిగిందే మళ్లీ అడిగే ఓ పాత కంప్యూటరు.
ముప్పై రోజుల గడువు అయిపోయిందని
ముప్పై నెలలుగా చెబుతోంది.

పొద్దున్నే దిగుతారు కోచింగు పిల్లలు.
ఫోటో యాభై కేబీ దాటకూడదట,
సంతకం ఇరవైలోపట,
వేలిముద్రకి కూడా ఓ బరువుందట.
సర్కారు తూకం. ముల్లు అటూ ఇటూ ఊగదు.

ఆ తూకం కోసం నేను దూరని సందు లేదు.
ఒక పేజీలో ఐదు పచ్చ బటన్లు,
ఐదూ డౌన్‌లోడే అంటాయి,
నాలుగు అబద్ధం.
ఉచితమని రాసున్నదాన్ని దించితే
వెంట నలుగురు చుట్టాలు దిగారు.
ఎండ ఎంతో చెప్పేవాడొకడు
(గుంటూరులో ఆ సంగతి ఒకడు చెప్పాలా?),
పేకాటకి పిలిచేవాడొకడు,
రోగముందని భయపెట్టి మందు అమ్మేవాడొకడు,
నాలుగోవాడెవడో ఇప్పటికీ తెలీదు,
వాడు వెళ్లనూ లేదు.

మా నాన్న ఏసోబు మిర్చి యార్డులో ముఠా మేస్త్రి.
అక్షరం రాదు గానీ బస్తాని చదివేవాడు.
"పైన తేజా ఎర్రగా నవ్వుద్దిరా,
మోచేతి దాకా చెయ్యి దూర్చు.
తాలు అడుగునుంటది."
ఆయన పోయిన తొమ్మిదేళ్లకి
మౌసు పట్టుకున్న చేతికి అర్థమైందా మాట.
అప్పట్నుంచీ "అంగీకరిస్తున్నాను" నొక్కేముందు
ఆ చిన్నక్షరాల్లోకి మోచేతి దాకా వెళ్తాను.
వాళ్లే ముందుగా టిక్కు పెట్టి ఉంచిన గళ్లని
ముచ్చికలు తుంచినట్టు
ఒక్కొక్కటే తుంచి పారేస్తాను.

అలా ఏరుతుంటే ఓ మే నెల రాత్రి,
కరెంటు పోయి వచ్చాక, దొరికింది.
బూడిదరంగు కిటికీ. మూడంటే మూడు బటన్లు.
మొత్తం కలిపి ఒక పెళ్లిఫోటో అంత బరువు లేదు.
సంతకం నలభై ఏడుతో లోపలికి వెళ్లి
పందొమ్మిదితో బయటికొచ్చింది,
గీత చెదరలేదు.

చేసిందెవరా అని మూలనున్న ప్రశ్నగుర్తు నొక్కితే
నోరు తిరగని పేరొకటి, కింద రెండు ముక్కలు:
మా అమ్మ పింఛను కాగితాల కోసం రాసుకున్నాను.
మీకూ పనికొస్తే వాడుకోండి.
తారీఖు పదకొండేళ్ల కిందటిది.

మళ్లీ దూర్చి చూశాను. తాలు లేదు.

తెల్లారి గోరంట్ల నుంచి ఖాజాబీ వచ్చింది,
కూతురి సంతకం కుదించినందుకు డబ్బులొద్దన్నాను.
కాగితం వెనక్కి లాక్కుంది.
"ఊరికే చేస్తే ఎక్కడో లోపముంటది బాబూ,
ఎదురు కొట్లో పదిహేను తీసుకుని గట్టిగా చేస్తాడంట."
నాన్న పాఠం ఊరంతా చదివేసింది.

అందుకే రెండు రూపాయలు పుచ్చుకుంటున్నాను.
కరెంటుకీ కాగితానికీ వచ్చేది గల్లాపెట్టెలోకి,
ఆ రెండు మాత్రం
కారం అయిపోయిన గాజుసీసాలోకి.
ఇప్పటికీ మూత తీస్తే తుమ్మొస్తుంది.
పంపే దారి తెలీదు.
రాసిన ఉత్తరం గంటలో తిరిగొచ్చింది,
ఆ పెట్టె ఇప్పుడెవరిదీ కాదని.
ఆయనున్నాడో లేడో,
ఆ తల్లికి పింఛను వచ్చిందో రాలేదో.
కిటికీ మాత్రం నొక్కగానే తెరుచుకుంటుంది.

మొన్న మా కుర్రాడు జోజి సీసా ఊపి చూశాడు.
ఎవరి డబ్బులన్నా ఇవి?
బాకీరా.
ఎవరికి?
స్క్రీను అటు తిప్పాను.
పెదాలు కదుపుతూ కూడబలుక్కుంటున్నాడు,
మొదటి అక్షరం దగ్గరే కాలు జారుతోంది,
ఈలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడు:
"అన్నా, సంతకం ఇరవైలోకి వచ్చిద్దా?"