కలిపి, తీసెయ్యాలి

జులై నెలాఖరు.
కేజీహెచ్ డౌనులో జిరాక్స్ షాపు వెనక నా గది.
ఫారం పదహార్లు ఫ్యాను గాలికి లేచిపోకుండా
భీమిలి నుంచి తెచ్చిన గులకరాయి.
కుర్చీ ఒకటే, నాది.
వచ్చినవాళ్లకి స్టూలు.

గొడుగు గుమ్మం బయట వదిలి
బొడ్డేటి నూకరత్నం కూర్చుంది.
స్టాఫ్ నర్సు, ప్రసూతి వార్డు.
ఎనిమిదింటికి నైట్ డ్యూటీ,
గోడ మీద ఏడుంపావు.

"ప్రాన్ నంబరు చెప్పండమ్మా" అన్నాను.
పర్సులో తాయెత్తు పక్కనుంచి కార్డు తీసింది.
"పన్నెండంకెల ప్రాణం సార్,
పారేసుకుంటానేమోనని దాన్ని దీనికి కాపలా పెట్టాను."

నెలకి ఏడువేల ముప్ఫై.
ఏడాదికి ఎనభై నాలుగువేల మూడొందల అరవై.
ఆమెది అంత,
సర్కారుది అంత.

"మార్తమ్మ సిస్టరూ నేనూ ఒకే హాస్టలు సార్,
ఒకే బకెట్టుతో నీళ్లు మోసుకున్నాం.
ఆవిడ ఆర్డరు ఆగస్టులో వచ్చింది,
నాది అక్టోబరులో.
ఆవిడకి పాత పింఛను. నాకు ఈ కార్డు.
రెండు నెలలు పోస్టుమాన్ లేటయ్యాడనుకోండి."
అనుకున్నాను.
అనుకుని ఎంటర్ నొక్కాను.

కొత్త పద్ధతిలో ఆమె వాటాకి గడి లేదు.
రాత్రులు మేల్కొని, కాళ్లు వాచి,
జీతంలోంచి కోయించుకున్న డబ్బుకి
మినహాయింపు లేదు.
సర్కారు వాటాకి ఉంది.
ఎనభై సీసీడీ, బ్రాకెట్లో రెండు.
అది కూడా ఊరికే రాదు:
ఆ ఎనభై నాలుగువేలూ ముందు జీతంలో కలపాలి,
తర్వాత కింద తీసెయ్యాలి.
వాళ్ల ఆఫీసు గుమస్తా కలపడం మర్చిపోయాడు,
తీసెయ్యడం మాత్రం మర్చిపోలేదు.

"ఇలా పంపితే నోటీసొస్తుందమ్మా.
పైన కలుపుతున్నాను."

"నా చేతికి రాలేదు కదా సార్."
"రాలేదు."
"నేను చూడను కూడా లేదు."
"లేదు."
"అయినా నా జీతమేనా?"
"కాగితం మీద."
"మళ్లీ తీసెస్తారు."
"తీసేస్తాను."
"మరి ఏటి మిగిలింది?"

పదిహేడేళ్లుగా ఈ పని చేస్తున్నాను.
ఈ ప్రశ్నకి నా దగ్గర సెక్షను లేదు.

ఆమే కాసేపాగి అంది,
కర్చీఫుతో కళ్లజోడు తుడుచుకుంటూ,
ఏదో రిజిస్టరు గురించి చెబుతున్నట్టు:
"మా వార్డులోనూ అంతేలెండి.
ఏడవని బిడ్డకి కూడా తూకం వేస్తాం.
రెండు కిలోల నాలుగొందలు అని రాస్తాం.
రాశాకే కిందకి పంపుతాం.
రాయకపోతే
ఆ తల్లి మొయ్యనట్టే కదా."

నేను కలిపాను.
తీసేశాను.
మొత్తం ఎంత ఉండాలో అంతే ఉంది.
కానీ ఆ వరసలో ఆ అంకె ఇప్పుడు కనబడుతోంది.

ఓటీపీ వచ్చింది.
సెలైన్ చుక్కలు లెక్కపెట్టే గొంతుతో
ఒక్కో అంకే చదివింది. ఆరు.
పచ్చటి టిక్కు పడింది.
మూడొందలిచ్చి, రసీదు అడిగింది.
నన్ను రసీదు అడిగినవాళ్లు ఈ నెలలో ఇద్దరే.

గుమ్మం దగ్గర గొడుగు విప్పుతూ
"మీకేటి సార్, పింఛను?" అంది.
"నాకు నేనే సర్కారునమ్మా,
రెండు వాటాలూ బాకీ."
నవ్వింది. ఎత్తెక్కి వెళ్లిపోయింది
తెల్ల చెప్పులు తడవకుండా పక్కలకి వేస్తూ.

షట్టరు దించి బీచి రోడ్డుకి నడిచాను.
వాన తెరిపిచ్చింది.
లంగరేసిన ఓడలు దూరంగా, దీపాలు పెట్టుకుని,
రేవులో చోటు కోసం.
లెక్కపెట్టాను, తొమ్మిది.
వాటిలో సరుకు ఎవరో ఒకరిది,
బిల్లులో పేరుంటుంది, తూకముంటుంది.
ఒడ్డున ఒకామె మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది.
ఒకటి కొన్నాను.
పది రూపాయలు, చేతి నుంచి చేతికి.