పదకొండో నిమిషం దగ్గర చుక్క

కంపెనీ చరిత్ర రెండు పేజీల్లో కావాలట.
రిటైరైన నన్ను కారు పంపి మరీ పిలిపించారు.
నలభై ఒక్క ఏళ్లు లెక్కలు రాసిన చెయ్యి ఇది,
కథ రాయమంటే కూడికలకే పోతుంది.
అయినా కూర్చున్నాను.

తంబుచెట్టి వీధి, మేడ మీద ఒక్క గది.
కింద కాగితాల కొట్టు, పక్కన నోటరీ,
వానొస్తే మెట్ల పొడుగునా తడిసిన అట్టల వాసన.
తిరువీధుల కనకాచారి గారు
ముక్కుపుడకలు చేసే ఇంట పుట్టి,
హార్బరు పైలట్ల గడియారాలు బాగుచేస్తూ చేస్తూ
"బాగుచేసే బదులు మనమే చేద్దాం" అన్నారట.
ఆ మాట నేను వినలేదు, అప్పటికి పుట్టలేదు.
పాత చిట్టాలో మాత్రం చూశాను:
ఇత్తడి రేకు, రెండు వీశెలు, అప్పు.

షోకు వాచీ అడిగితే పక్క వీధికి పొమ్మనేవారు.
"మనది పనిలోకి దిగేవాళ్లకి."
రైలు గార్డుకి, లాంతరు వెలుగులో చదవగల అంకెలు.
కీల్పాక్ నర్సు గ్రేస్ మణికి
కోటు జేబు మీద తలకిందులుగా వేలాడేది,
నాడి లెక్కకి ఎర్ర ముల్లు.
నీళ్లలోకి దిగేవాళ్ల వాచీకి
పరీక్ష చేసే యంత్రం కొనే స్తోమత లేదు.
ఇంట్లోంచి ప్రెషర్ కుక్కరు తెచ్చి
సైకిలు పంపు బిగించారు.
మూడు వారాలు ఆవిడ పప్పు గిన్నెలో ఉడికించింది,
ఆయనతో మాట్లాడకుండా.

ఇక ఆ చుక్క సంగతి.
కొత్తవాళ్లు తయారుచేసిన పుస్తకంలో
అది బంగాళాఖాతం మీద పొడిచే తొలి నక్షత్రమట.

డెబ్బై ఒకటిలో, నేను చేరిన రెండో ఏడు,
కాశిమేడు అంతోనిసామి మెట్లెక్కి వచ్చాడు.
ఓడల అడుగున నాచు గీకే మనిషి,
చెవుల్లో ఎప్పుడూ దూది.
తాడు తెగిందని తెచ్చిన వాచీ చుట్టూ పట్టీ మీద
మేకుతో గీసిన గీత, పదకొండు దగ్గర.
ఆచారి గారికి కోపమొచ్చింది.
"ఎవడ్రా గీసింది? నెల్లాళ్ల పని అది."

"నేనే సామీ. పైన గాలి కొట్టే పంపు పాతది.
పన్నెండో నిమిషానికి నూనె వాసనొస్తుంది.
ఆ తర్వాత తాడు లాగాలన్నా
చెయ్యి నా మాట వినదు.
అందుకని గీత దగ్గరే లాగేస్తా."

ఆయన కళ్లద్దం తీసి బల్ల మీద పెట్టారు.
పట్టీ మార్చలేదు. తాడు డబ్బులు తీసుకోలేదు.
ఆ నెల చేసిన ముప్ఫై వాచీలకీ
పదకొండు దగ్గర చీకట్లో వెలిగే చుక్క పడింది.
సరుకు చూడొచ్చిన ఆఫీసరు అడిగాడు,
"పదీ కాదు, పదిహేనూ కాదు, పదకొండేమిటి?"
"మీ పంపుని అడగండి" అన్నారు.
ఆ ఆర్డరు పోయింది.
నష్టం పద్దు నా చేత్తోనే రాశాను.

పంపు మార్చడానికి మూడేళ్లు పట్టింది.
ఆ మూడేళ్లూ అంతోనిసామి అరువు మీద
తోటివాళ్లకి పదమూడు వాచీలు పట్టుకెళ్లాడు.
బాకీ సగం చేపల్లో తీరింది.
పంపు మారాక చుక్క తీసేద్దామా అన్నాను నేనే.
"ఉండనీ" అన్నారు, తల ఎత్తకుండా.

ఇప్పుడా వాచీ ఎనిమిది లక్షలు.
చుక్క స్థానంలో చిన్న వజ్రం పెట్టారు.
చీకట్లో అది వెలగదు,
కొనేవాళ్లు చీకట్లోకి దిగరు గనక
ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నేను రాసిన రెండు పేజీలూ
ఇవాళ పొద్దున తిరిగొచ్చాయి.
అంతా బాగుందట, కన్నీళ్లొచ్చాయట.
నూనె వాసన అన్న మాటొక్కటి
తీసేయమన్నారు.