అరగంట

మా అమ్మ నన్ను పన్నెండో నెలలో కనాలి.
మంత్రసానికి చెప్పి ఉంచింది,
పక్కింటి నుంచి రాగి కాగు అడిగి తెచ్చుకుంది.
ఆ ఏడు పన్నెండో నెల రెండు రోజులే బతికింది.
మూడో నాడు పొద్దున
మికుని రేవులో పలక మీద కాగితం అంటించారు:
నేటి నుంచి కొత్త సంవత్సరం.
ఏడాది చివర రావలసిన అప్పులవాళ్ళు
ఆ వేళే వచ్చి గడపలో కూర్చున్నారు.
అమ్మ పొట్ట పట్టుకుని
"ఇది ఏ నెల బిడ్డ?" అని అడిగిందట.
ఎవరికీ తెలియలేదు.
ఇసో అని పేరు పెట్టారు నాకు.

మాది గడియారాల ఇల్లు.
తాత నాటికి సముద్రమే ప్రహరీ.
తెలియని తెరచాప కనబడితే
కొండ మీద మంట వేసేవాళ్ళు.
నాగసాకిలో డచ్చివాళ్ళ గదిలోంచి
ఒకే ఒక్క స్ప్రింగు
ఎనిమిది చేతులు మారి మా ఇంటికొచ్చింది.
దాన్ని చూసి తాత ఇంకోటి చేశాడు.
ఆ రెండోది చూసి నాన్న నేర్చుకున్నాడు.

మా గడియారంలో
పగటికి ఆరు ఝాములు, రాత్రికి ఆరు.
ఎండాకాలం పగటి ఝాము సాగేది,
చలికాలం ముడుచుకునేది, పిల్లిలా.
మధ్యాహ్నం తొమ్మిది కొట్టేది,
ఆ తర్వాత ఎనిమిది, ఏడు, ఆరు.
పదిహేను రోజులకోసారి
నాన్న చిన్న తూకపు గుండును
ఒక్క గాటు పక్కకు జరిపేవాడు,
ఊపిరి బిగబట్టి.
పొద్దు ఎంత ఎదిగితే గంట అంత.

తర్వాత గంటలన్నీ ఒకే పొడుగయ్యాయి.
రైలు మా ఊరికి రాకముందే
రైలు టైము వచ్చింది.
బడి గంటకి వచ్చింది, పట్టుమిల్లు కూతకి వచ్చింది,
సబాయె బారకాసుల్లో
మా తమ్ముడు షోకిచి కాళ్ళకి వచ్చింది.
నాన్న అమెరికా గోడ గడియారాలకి
నూనె వేసి బతికాడు.
"వీటికి చలి తెలీదు" అనేవాడు, అంతే.

పోర్ట్ ఆర్థర్ పడిన రాత్రి
కాగితం లాంతర్లతో ఊరంతా తిరిగాం.
మా వీధి కుర్రాళ్ళు నలుగురు
ఆ కొండ దిగలేదు.
అయినా తిరిగాం.
దాచడం దేనికి,
అందరి లాంతర్లకన్నా నాదే పెద్దది.

షోకిచి బతికాడు. కొరియా రైల్వేలో చేరాడు.
సూవన్ స్టేషన్‌లో గడియారాల పని.
నాన్న పొంగిపోయాడు:
మన చేతిపని సముద్రం దాటింది!

ఈ కొత్త సంవత్సరానికి ఉత్తరం వచ్చింది.
నాన్నకి చూపు లేదు, నేను చదివాను.

"అక్కా, మొన్న అర్ధరాత్రి
నిచ్చెన వేసుకుని ఎక్కి
పెద్ద ముల్లుని అరగంట ముందుకు తోశాను.
ఇక ఇక్కడా టోక్యో టైమే.
దేశమంతా ఒకేసారి తోశారట.
కింద నిచ్చెన పట్టుకున్నది
ఊడ్చే ముసలాయన, పాంగ్.
దిగాక అడిగాడు,
ఆ అరగంట ఎక్కడికి పోయింది బాబూ అని.
నవ్వాను. ఆయన నవ్వలేదు.
మర్నాడు అన్నం బెల్లు కొడితే
చీపురు పట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాడు.
నీడ కాళ్ళ కిందికి వచ్చాకే డబ్బా విప్పాడు.
ఇన్‌స్పెక్టరు చెంప మీద కొట్టాడు.
రోజూ అంతే. రోజూ ఒక దెబ్బ, తర్వాత అన్నం.
ఇక్కడ చలి ఎక్కువ. మేజోళ్ళు పంపు."

నాన్న మళ్ళీ చదవమన్నాడు.
మేజోళ్ళ దాకా చదివాను.
"కాదు, పైన" అన్నాడు.
చదివాను.

బొగ్గుల కుంపటి మీద చేతులు పెట్టి
చాలాసేపు ఉండి
"మరి ఆ అరగంట
మన లెక్కలో ఎక్కడైనా కలిపారా?" అని అడిగాడు.
నా దగ్గర జవాబు లేదు.
వెనకగదిలోకి తడుముకుంటూ వెళ్ళాడు.
దుప్పటి కప్పిన పాత గడియారం
నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది.
దుప్పటి తీసిన చప్పుడు,
గొలుసు లాగిన చప్పుడు,
వేలికొసతో గాట్లు లెక్కపెడుతున్న చప్పుడు.

గుండు జరపాల్సిన రోజు కాదది.
నేను చెప్పలేదు.
మేజోళ్ళకి ఊలు తీసి
గోడ మీద టైము చూశాను, అలవాటుగా.