సీసం గుళ్ళు

పెదజాలరిపేట ఇసకలో మూడు రాళ్ళ పొయ్యి.
బొచ్చెలో పాత లారీ బ్యాటరీ సీసం
కరిగి తెట్టు కట్టింది.
"గాలికి ఎదురు కూకోకు, ఆ పొగ మంచిది కాదు"
అన్నాడు పరసయ్య మావ.

అచ్చులోంచి రాల్చిన వల గుళ్ళు కొన్ని
ఇసక మీదే ఆరాయి, నింపాదిగా.
కొన్నింటిని సలసలమంటుండగానే
బకెట్లో వేశాడు. సుయ్యిమన్నాయి.

ఇసకవాటి మీద నా గోరు దిగింది.
నీళ్ళవాటి మీదా దిగింది.
"రెండూ ఒకటే గదా మావా?"
"వారం ఆగు."

వారానికి నీటిగుండు మీద గోరు జారిపోయింది.
డబ్బాలో, చీకట్లో, ఎవరికీ చెప్పకుండా
గట్టిపడిందది.
"మెత్తన చెయ్యాలంటే మళ్ళీ కాచాల,
తొందర పడకుండా ఆరనియ్యాల."

హార్బరు గోడకి కొట్టుకుని పడవ పోయిన రోజు
మావ అందరికీ టీలు చెప్పాడు, నవ్వాడు కూడా.

ఇవాళ ఎనిమిదో రోజు.
పొయ్యి నేనే అంటించి
పక్కన కూర్చున్నాను.